మోటారు గొంతు, పొరుగువారి నిద్ర

ఎద్దుబండి యిరుసు కీచుమన్నచో కందెన చాలలేదని పెద్దలు వెంటనే గుర్తింతురు. ఆ చప్పుడును బలమునకు గుర్తుగా నెవ్వరును ఎంచరు. మోటారుబండి విషయమున మాత్రము లోకము వేరుగా తలచినది. ఎంత బిగ్గరగా నరచిన నంత బలమని యువకులలో ననేకుల నమ్మకము. ఆ నమ్మకమునకును ఊరివారి నిద్రకును నడుమ ఇంగ్లండులో నడచిన యొక తగవును నేడు మీకు విన్నవింప దలచితిని.

ముందుగా యంత్రము సంగతి. ఇంజనులోని సిలిండరునందు పెట్రోలు ఆవిరి గాలితో గలసి మండును. కాలిన వాయువు, కవాటము తెరచుకొనగానే, మిక్కిలి వేగముతో పొగగొట్టములోనికి దూకును. మనము విను మ్రోత యదియే. దానిని అణచుటకై అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన రీవ్సు సోదరులు 1897లో ఒక సాధనమునకు పేటెంటు పొందిరి. సైలెన్సరనగా వెడల్పైన పెట్టె. వాయువు అందు విస్తరించి, చల్లబడి, నెమ్మదించి బయటికి పోవును. కాని దారి ఇరుకైనచో వాయువును నెట్టుటకే ఇంజను కొంత శక్తిని వ్యయింపవలసి వచ్చును. అందుచేత తొలినాటి కార్లలో కొన్నింట కటౌటను మీట యుండెడిది. మిట్ట యెక్కునపుడు దానిని తెరచినచో వాయువు సైలెన్సరును తప్పించుకొని తిన్నగా బయటపడెడిది. మ్రోతయే బలమను భ్రమకు ఇదియొక మూలమని నా యభిప్రాయము.

ఆ కాలమున ఇంగ్లండు రహదారులపై గంటకు 20 మైళ్లకు మించి పోరాదని 1903 నాటి చట్టము విధించెను. వేగమును పరీక్షించుటకు తావులేక కార్ల పరిశ్రమ వెనుకబడుచున్నదని చింతించి, హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి సర్రే మండలములో వేబ్రిడ్జి చెంత తన సొంత భూమిలో 2¾ మైళ్ల కాంక్రీటు బాటను కట్టించెను. బ్రూక్లాండ్సు అను పేర నది 1907 జూన్ 17వ తేదీన ప్రారంభమయ్యెను. ఆ నెలాఖరుననే ఎస్. ఎఫ్. ఎడ్జి అను నాతడు నేపియరు కారులో 24 గంటలు ఏకధాటిగా 1,581 మైళ్లు నడిపెను. లోకము మెచ్చెను, పొరుగువారు మాత్రము రాత్రియంతయు కన్ను మూయలేకపోయిరి. వారు న్యాయస్థానము నాశ్రయించిరి. రాత్రి పరుగులు నిలిచిపోయెను. కనుకనే 1929లో 24 గంటల పందెమును రెండు పగళ్లకు 12 గంటల చొప్పున విభజించి నడిపి, నడుమ రాత్రి కార్లను తాళములు వేసి యుంచిరి.

పందెపు కార్లకు సైలెన్సరు తప్పనిసరి యను నియమము 1920లలో వచ్చెను. చేపతోకవలె చదునైన కొసగల యా పెద్ద డబ్బాకు బ్రూక్లాండ్సు సైలెన్సరను పేరు స్థిరపడెను. వేగము చచ్చిపోవునని పందెగాండ్రు భయపడిరి. అట్లు జరిగెనా? 1935లో జాన్ కాబ్ 24 లీటర్ల నేపియర్-రైల్టను కారులో ఆ బాటపై గంటకు 143.44 మైళ్ల వేగమున చుట్టు వచ్చెను. 1939లో యుద్ధము వచ్చి బాట మూతపడువరకు దానిని మించినవారు లేరు.

ఇందలి మర్మము నాదస్వరము నెరిగిన మనకు సులభముగా తెలియగలదు. గొట్టపు పొడవును బట్టి స్వరము మారును గదా! కాలిన వాయువుతో బయలుదేరిన ఒత్తిడి యల గొట్టము చివర చేరి, అచ్చట పీల్చుగుణము గల యలగా మారి వెనుకకు తిరుగును. కవాటము మూయకమున్నే అది చేరినచో, మిగిలిన పొగను లాగివేసి క్రొత్త గాలికి చోటిచ్చును. గొట్టపు పొడవు, ఇంజను వేగము, ఈ రెండును పొందికపడవలెను. ఒక వేగమునకు మేలుచేయు గొట్టము వేరొక వేగమునకు కీడు చేయవచ్చును. కావున లెక్కయెరిగి గొట్టములను దిద్దినవానికి బలము లభించును. లెక్కయెరుగక సైలెన్సరును కోసి పారవేసినవానికి నిశ్చయముగా దొరకునది చప్పుడొక్కటే.

ఆశ్చర్యమేమనగా, మ్రోత నణచుటకు పుట్టిన ఆ చేపతోక గొట్టమునే తరువాత యువకులు దాని గంభీరధ్వనికి ముచ్చటపడి రహదారి కార్లకు తగిలించుకొనిరి. ధ్వనియందలి యానందము తప్పు కాదు. నేనును దానిని నిందింపను. కాని వేబ్రిడ్జి గ్రామస్థుల తగవు ఇంజనీర్లకు ఒక హద్దు గీచెను; ఆ హద్దులోనే వారు వేగమును సాధించిరి. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములును ప్రతి బండికి సైలెన్సరు ఉండవలెననియే శాసించుచున్నవి. మీ వీధిలో కుర్రవాడెవడైన సైలెన్సరు విప్పబోయినచో, కోపింపక, ముందీ కథను వానికి వినిపింపుడు. కాబ్ తన రికార్డును నెలకొల్పిన కారు నేటికిని బ్రూక్లాండ్సు ప్రదర్శనశాలలో, తన పెద్ద సైలెన్సర్లతోనే, నిలిచియున్నదని వానికి చెప్పుడు.