గడగడా చదివితేనే గ్రాంటు

పిల్లవాడు పాఠం చదువుతున్నాడో అప్పజెబుతున్నాడో తెలుసుకోవాలంటే వాడి కళ్ళు చూడాలి. ఉద్యోగమంతా ఒకటి, రెండు తరగతులతోనే గడిపినదాన్ని కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. కంఠతా వచ్చిన పాఠమైతే చూపు బొమ్మ మీద ఉంటుంది, వేలు ఒక వరుస వెనకబడుతుంది, ఆఖరి వాక్యం నోట్లో ఉండగానే చెయ్యి పేజీ తిప్పేస్తుంది. అలాంటివాళ్ళ చేత నేను కింది వరుస నుంచి పైకి చదివించేదాన్ని. అప్పుడు బయటపడేది అసలు సంగతి: ‘పొలం’ కాస్తా ‘పలం’ అయ్యేది, ‘వస్త్రం’లోని రెండు ఒత్తుల్లో ఒకటి గొంతులోనే ఉండిపోయేది.

ఈ తంటా పాతదే. మద్రాసు రాజధానిలో వీధిబడులెన్నో, పిల్లలెందరో లెక్క తీయమని గవర్నరు మన్రో 1822లో ఆదేశిస్తే, మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా లెక్క పంపాడు: 533 బడులు, 6,641 మంది పిల్లలు. తెలుగు, కన్నడ బడుల రోజువారీ తీరు కూడా రాశాడు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాళ్ళకు వరసగా ఒక్కోటి ఎక్కువ. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పడం ఆయనకు నచ్చాయి. చదువు దగ్గరే పెదవి విరిచాడు. పద్యాలు తప్పులేకుండా వల్లిస్తారు కానీ అర్థం విషయంలో చిలకకు ఎంత తెలుసో వీళ్ళకూ అంతేనన్నాడు. నిజమే కావచ్చు. అయితే ఒక్క తాటాకు పుస్తకం చుట్టూ పిల్లలంతా మూగితే చెవితో కాక మరి దేనితో నేర్చుకుంటారు?

పిల్లవాడి గొంతుకు ధర కట్టింది మాత్రం దొరలే. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో అనే ఆయన తెచ్చిన సవరించిన కోడ్ ప్రకారం ఇన్‌స్పెక్టరు ముందు చదవడం, రాయడం, లెక్కలు మూడూ నెగ్గిన పిల్లవాడి మీద బడికి ఎనిమిది షిల్లింగులు వచ్చేవి. ఒక్కో సబ్జెక్టు తప్పితే రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత. మొదటి తరగతివాడు ఏకాక్షర పదాల కథ చదవాలి, ఆరో తరగతివాడు వార్తాపత్రికలో ఒక పేరా. కవి మాథ్యూ ఆర్నాల్డ్ అప్పట్లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. ఏడాది పొడుగునా ఒకే పుస్తకం రుద్దించి ఇన్‌స్పెక్టరు ముందు నిలబెడుతున్నారనీ, ఆ పిల్లలే ఇంకో పుస్తకం చేతికిస్తే తడబడుతున్నారనీ ఆయన తన నివేదికల్లో మొత్తుకున్నాడు.

ఫలితాన్ని బట్టి గ్రాంటిచ్చే ఈ పద్ధతి ఆ 1860ల్లోనే మద్రాసు రాజధానికీ దిగింది. వీధిబడి పంతులుగారికి అదివరకు ఊళ్ళో పిల్లల తల్లిదండ్రులు మెచ్చుకుంటే చాలు. ఇక మీదట ఇన్‌స్పెక్టరు తలూపాలి. పిల్లవాడు గుటక వేసి ఆగితే పంతులుగారి ఇంట్లో బియ్యం తగ్గినట్టే. అలాంటి చోట కూడబలుక్కుని చదివే పిల్లవాడి గోడు ఎవరికి కావాలి? నేర్చుకునేవాడు కూడబలుక్కోక తప్పదు. ఆ తడబాటే వాడు అక్షరం మీద అక్షరం పేర్చుకుంటున్నాడనడానికి సాక్ష్యం. గ్రాంటు లెక్కలో మాత్రం అది నష్టం కింద జమ. 1904లో కర్జన్ ప్రభుత్వం విద్యా తీర్మానంలో ఈ పద్ధతిని కాదన్నాక కానీ పీడ వదల్లేదు.

తర్వాత కొద్దికాలానికి ఉత్తర సర్కారు జిల్లాలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ ఇంకో చిక్కు పట్టుకున్నాడు. ఊళ్ళో జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో పిల్లలు చదివే తెలుగు మరొకటి, ఎందుకిలా అని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు, గురజాడల దగ్గరికి చేరి ఎంత దూరం వెళ్ళిందో మనకు తెలిసిందే. తనిఖీలకు వచ్చినవాళ్ళలో నాకు ఇష్టమైనవాడు ఈయనే. మార్కు వేసి ఊరుకోకుండా, విన్నదాని గురించి ఆలోచించాడు.

2005లో మొదలైన అసర్ సర్వేలో వాలంటీర్లు పల్లెల్లో ఇంటికే వెళ్ళి ఒక్కో పిల్లవాణ్ణీ కూర్చోబెట్టి చదివిస్తారు. అక్షరాలు, పదాలు, ఒక పేరా, ఒక కథ, అంతే. పేరాలో మూడు తప్పుల దాకా సరే. నెమ్మదిగా చదివినా సరే, వాక్యంలా చదివితే చాలు. విడివిడి పదాల్లా చదివితే మాత్రం కింది మెట్టుకు దించుతారు. ఆ పిల్లవాడి మీద ఎవరి గ్రాంటూ ఆధారపడి లేదు. ఈ కొలత పుట్టించినవాళ్ళకు పిల్లలతో పరిచయముందని నాకనిపిస్తుంది.

2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ మాత్రం గడియారం పట్టుకుంది. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60, అదీ అర్థం చేసుకుంటూ చదవాలి. మన భాషలో ‘వెళ్ళిపోతున్నప్పుడల్లా’ అన్నదీ ఒక పదమే, ‘ఆ’ అన్నదీ ఒక పదమే. పదాల లెక్కను ఒక గడిలో వేసేయవచ్చు. పిల్లవాడికి అర్థమైందో లేదో తేలాలంటే వాచీ పక్కన పెట్టి, కథలో మేకపిల్ల ఎందుకేడ్చిందిరా అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగాలి.