గట్టు బాట ఎవరిది? కృష్ణా డెల్టాలో ఉమ్మడి మార్గాల చరిత్ర

ఉపోద్ఘాతం

మోటారు వాహనాలకూ, పాదచారులకూ, సైకిలు ప్రయాణికులకూ కలిపి విహారమార్గాలు రూపొందించడం నేటి ప్రణాళికా రచనలో కొత్త సమస్యగా కనిపిస్తుంది. కానీ వేర్వేరు వేగాలవారు ఒకే మార్గాన్ని పంచుకోవడం కృష్ణా డెల్టాకు పాత అనుభవమే. విజయవాడ–ఏలూరు మధ్య కాలువ, రహదారి చరిత్రలను హనుమాన్ జంక్షన్ దృష్ట్యా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కాలువ గట్టు

1852–55 మధ్య విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట కట్టారు. అక్కడినుంచి సాగే ఏలూరు కాలువ సేద్యానికే కాక జలరవాణాకూ ఉపకరించింది. ఏలూరు వద్ద అది గోదావరి కాలువలతో కలుస్తుంది. నదికి ఆవలి ఒడ్డున కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువను చేరుతుంది. ఈ విధంగా కాకినాడనుంచి మద్రాసు వరకు నీటిదారి ఏర్పడింది. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే గెడ, అదీ చాలకుంటే గట్టుమీద నడిచే మనుషులు లాగే తాడు పడవను నడిపేవి. సరుకు నీటిమీద, మనిషి గట్టుమీద సాగారు. తాడుతో లాగేచోట పడవ వేగం లాగేవాడి అడుగును మించలేదు. స్థలం వేరు కావడం, వేగం దగ్గరగా ఉండడం ఈ సహజీవనానికి ఆధారాలయ్యాయి.

రహదారి

మోటారు రవాణా పెరిగి జలరవాణా క్షీణించడంతో ఆ రెండు ఆధారాలూ సడలాయి. ఆంజనేయస్వామి ఆలయం పేరుతో ప్రసిద్ధమైన హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు, గుడివాడ దారులు విజయవాడ–ఏలూరు రహదారిని కలుస్తాయి. దూరప్రయాణికుడికి అది దాటిపోయే చోటు. స్థానికుడికి అడ్డంగా దాటవలసిన చోటు. ఘర్షణ దారి పొడవునా కంటే కూడలివద్దనే తీవ్రమవుతుంది. 1988 మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, రహదారులపై పాదచారుల, యంత్రరహిత వాహనాల ప్రవేశాన్ని నియంత్రించే నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ఒకప్పుడు దారికి కొలతగా నిలిచిన నడక ఇక్కడ నియంత్రించవలసిన విషయమైంది.

ముగింపు

2008లో ప్రకటించిన నాలుగవ జాతీయ జలమార్గంలో ఏలూరు కాలువ కూడా ఉంది. మోటారు పడవలు తిరిగితే వాటి అలలు మట్టిగట్టును కోస్తాయి కనుక అక్కడా వేగనియంత్రణ అవసరమే. కాలువకు రెండు గట్లున్నాయి: వీలున్నచోట ఒకదానిని వాహనాలకు, రెండవదానిని నడకకు, సైకిలుకు కేటాయించవచ్చు. వంతెనలవద్ద రెండూ కలిసినప్పుడు వాహనమే నెమ్మదించాలి. ఉమ్మడి మార్గానికి అత్యంత నెమ్మదైన ప్రయాణికుడే ప్రమాణం కావాలన్నది ఈ చరిత్ర సూచించే సూత్రం.