పెద్దపేగు క్యాన్సర్: స్కాన్‌కు దొరకని కణాలు.. ఆపరేషన్ టేబుల్‌పైనే వెతికే ‘వాష్’ టెస్ట్.. పూర్తి వివరాలివే!

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. గడ్డ మొత్తం తీసేశామని డాక్టర్లు చెప్పారు. సీటీ స్కాన్ కూడా క్లీన్. అయినా కొందరికి కొంతకాలానికే కడుపులో మళ్లీ క్యాన్సర్ బయటపడుతుంది. ఎందుకిలా? గడ్డ నుంచి ముందే రాలిపోయిన కణాలు ఇందుకు ఒక కారణం. వాటిని ఆపరేషన్ సమయంలోనే వెతికే పరీక్ష ఉంది. అదే పెరిటోనియల్ వాష్ సైటాలజీ.

కణాలు ఎలా రాలతాయి?

క్యాన్సర్ పేగు లోపలి పొరలో మొదలై, ఒక్కో పొర దాటుకుంటూ బయటికి వస్తుంది. చివరి పొరను కూడా దాటితే టీ4 దశ అంటారు. అప్పుడు కణాలు ఊడి, పేగుల చుట్టూ ఉండే ఖాళీలోకి జారిపోతాయి. పేగుకు చిల్లు పడినా ఇదే ముప్పు. కడుపు లోపలి గోడను కప్పి ఉంచే పల్చటి పొర పెరిటోనియం. ఆ కణాలు దానికి అతుక్కుని మళ్లీ పెరగొచ్చు. కొన్ని మిల్లీమీటర్ల గడ్డలే సీటీ స్కాన్‌కు చిక్కవు. ఇక విడి కణాల సంగతి చెప్పక్కర్లేదు.

టెస్ట్ ఎలా చేస్తారు?

ఇది విషం తాగినవాళ్లకు కడుపు కడగడం లాంటిది కాదు. సర్జన్ గడ్డను కదపకముందే, పేగుల చుట్టూ ఉన్న ఖాళీలో సెలైన్ పోస్తారు. సాధారణంగా 50 నుంచి 200 మిల్లీలీటర్లు. ఆ నీటిని వెనక్కి లాగి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ మెషీన్‌లో వేగంగా తిప్పితే కణాలు అడుగుకు చేరతాయి. వాటికి రంగు వేసి పాథాలజిస్ట్ మైక్రోస్కోప్‌లో చూస్తారు. కణాలు తక్కువగా ఉంటే తప్పిపోవచ్చు. పీసీఆర్ లాంటి పద్ధతులు ఇంకా సూక్ష్మంగా పట్టేస్తాయి కానీ, క్యాన్సర్ లేకున్నా పాజిటివ్ చూపే అవకాశం ఉంది.

పాజిటివ్ వస్తే?

అసలు చిక్కు ఇక్కడే. జీర్ణాశయ క్యాన్సర్‌లో వాష్ పాజిటివ్ అయితే నాలుగో దశగా లెక్కిస్తారు. పెద్దపేగు విషయంలో అలాంటి నిబంధన లేదు. జపాన్ డాక్టర్లు మాత్రం ఈ ఫలితాన్ని రికార్డు చేస్తారు. కడుపులోకి వేడి కీమో మందు పంపే ‘హైపెక్’ ముందుజాగ్రత్తగా పనిచేస్తుందా అని టీ4 రోగులపై పరీక్షించారు. 2019లో వచ్చిన నెదర్లాండ్స్ ట్రయల్‌లో పెద్దగా తేడా కనిపించలేదు. 2023 నాటి స్పెయిన్ ట్రయల్‌లో కడుపులో తిరగబెట్టడం తగ్గింది కానీ, మూడేళ్లలో ప్రాణాలు నిలిచిన వారి సంఖ్యలో స్పష్టమైన తేడా లేదు. అంటే పాజిటివ్ రాగానే హైపెక్ తప్పనిసరి కాదు. అది ముప్పు ఎక్కువని చెప్పే హెచ్చరిక.

డాక్టర్‌ను అడగాల్సినవి

* గడ్డ ఏ దశలో ఉంది? బయటి పొర దాటిందా?
* ఆపరేషన్‌లో వాష్ టెస్ట్ చేస్తారా? ఆ ఫలితంతో చికిత్స ఏమైనా మారుతుందా?
* తర్వాత కీమో అవసరమా? ఎన్ని నెలలకోసారి స్కాన్, సీఈఏ రక్తపరీక్ష చేయించాలి?

ఉప్పల్, నాచారం వాసులు ఎక్కడికి వెళ్లాలి?

ఈఎస్ఐ కార్డున్న కార్మికులు ముందుగా నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే రెడ్‌హిల్స్‌లో ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగితే దగ్గర. ఉప్పల్‌లోనే ఉన్న సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు చిన్న వయసులో వచ్చే పెద్దపేగు క్యాన్సర్‌పై పరిశోధనలు చేశారు. కాబట్టి ‘ఇది ముసలివాళ్ల జబ్బు’ అని వదిలేయొద్దు. మలంలో రక్తం, వారాల తరబడి మలబద్ధకం లేదా విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం.. ఇవి కనిపిస్తే పైల్స్ అనుకుని సొంతంగా మందులు వాడకండి. గడ్డ పేగు గోడ దాటకముందే దొరికితే, కణాలు రాలే ముప్పు చాలా తక్కువ.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.