వరంగల్ టు రాజమండ్రి 250 కిలోమీటర్లు: మన అడవి మీదుగా ఒక గీత

ఫోన్లో మ్యాప్ ఓపెన్ చేయండి. వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్ట్ మీద ఒక చుక్క, రాజమండ్రి పక్కన మధురపూడి ఎయిర్‌పోర్ట్ మీద ఇంకో చుక్క పెట్టి కలపండి. గీత ఎక్కడి మీదుగా పోతోంది? దాదాపు మన కొత్తగూడెం నెత్తి మీదుగా! భద్రాచలం దానికి ఓ పాతిక కిలోమీటర్లు ఉత్తరాన ఉంటుంది.

అక్షాంశ రేఖాంశాలిస్తే దూరం లెక్కగట్టే కోడ్ నాలుగు లైన్లే. 250 కిలోమీటర్లు అని చెప్పింది. రోడ్డు మీదైతే మూడొందలు దాటిపోద్ది. ఏటీఆర్ లాంటి చిన్న విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది, అంటే అరగంట. కానీ ఎక్కడం, దిగడం, రన్‌వే మీద తిరగడం కలిపితే ముప్పావు గంట పైనే వేసుకోండి. ఇంత చిన్న దూరంలో స్పీడ్ అందుకునేలోపే దిగడం మొదలవుద్ది.

అయితే ఆ ఫ్లైట్ లేదు. ఎందుకు లేదన్నదే అసలు కథ.

మామునూరు 1930లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టింది. అప్పుడు ఖమ్మం వరంగల్ జిల్లాలో భాగం, అంటే నిజాం రాజ్యం. భద్రాచలం మాత్రం బ్రిటిష్ వాళ్ల మద్రాసు వైపు. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది, తర్వాతే ఖమ్మంలో కలిపారు. అంటే మన గీత ఒక చివర నిజాం, ఇంకో చివర దొరలు. మధ్యలో అడవి, గోదావరి. కోయ ఊళ్లని ఎవరూ అడగలేదు లెండి.

1981లో మామునూరు మూతపడింది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కోసం 2004లో రాసుకున్న ఒప్పందంలో ఒక షరతు పెట్టారు: 150 కిలోమీటర్లలోపు 25 ఏళ్లు వేరే ఎయిర్‌పోర్ట్ రాకూడదు. శంషాబాద్ నుంచి మామునూరు గాల్లో ఎంతో తెలుసా? నా లెక్కలో 145. ఐదు కిలోమీటర్లు ఫ్రెండ్స్, ఐదే! చివరికి శంషాబాద్ వాళ్లు ఒప్పుకున్నాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకి ఓకే చెప్పింది.

మరి కొత్తగూడెం? శంషాబాద్‌కి 230 పైనే, షరతు అడ్డే కాదు. 2025లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ టీమ్ వచ్చి స్థలం చూసింది, పనికిరాదని తేల్చారు. అక్కడ కాగితం అడ్డం వచ్చింది, ఇక్కడ నేలే ఒప్పుకోలేదు. మనకి రైలు కూడా అలాగే కదా, "భద్రాచలం రోడ్" స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, గుడికి 40 కిలోమీటర్ల దూరంలో!

విమానం వస్తే అన్నీ తీరిపోతాయని నేననను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, 1965లో కట్టిన వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఏరియల్ సర్వేకి బయల్దేరాల్సిన ముఖ్యమంత్రే వాన వల్ల రోడ్డు మీద వచ్చారు. కానీ వాన లేని రోజుల సంగతేంటి? భద్రాచలంలో ఒకరికి గుండె నొప్పొస్తే హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైన. అంబులెన్స్ ఎంత తొక్కినా ఐదారు గంటలు. నాకు ఎయిర్‌పోర్ట్ కంటే ముందు ఆ లెక్కే కనిపిస్తోంది.