బస్సు వేళ



ఒక చెవి కుక్కరు విజిలు మీద, ఒక చెవి రేడియో మీద ఉంచి వినే వాళ్లలో నేనూ ఒకదాన్ని. చదివింది పదో తరగతి. చరిత్ర అంటే రాజులూ, యుద్ధాలూ, తేదీలూ అనుకునేదాన్ని. ఈమధ్య ఒక చిన్న వస్తువు చరిత్ర తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. అది బస్సు టైంటేబులు. దానికీ ఒక చరిత్ర ఉంటుందా అని నవ్వకండి. నాకీ ధ్యాస పట్టించింది జిన్నారంలో ఉన్న మా ఆడబిడ్డ కూతురు.

జిన్నారం మీలో చాలామంది చూసి ఉండరు. సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరుకు ఉత్తరాన ఉంది. ఆ చుట్టుపక్కల బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి పారిశ్రామిక వాడలు, మందుల ఫ్యాక్టరీలు. షిఫ్టు డ్యూటీల వాళ్లకు కంపెనీ బస్సులుంటాయి. మిగతా వాళ్లు ఆర్టీసీ బస్సుకోసమో, షేరు ఆటోకోసమో రోడ్డుమీద నిలబడాల్సిందే.

పదేళ్ల కిందటి మాట. ఆ పిల్ల ఇంటరు పాసై పటాన్‌చెరులో డిగ్రీ చదువుతానంది. వాళ్ల నాన్న చెడ్డవాడు కాదు, చదువు వద్దనలేదు. “బస్సు ఎప్పుడొస్తదో తెల్వదు, ఎప్పుడు పోతదో తెల్వదు. పొద్దుగూకినంక ఆడపిల్ల రోడ్డుమీద నిలబడుతదా?” అన్నాడు. అంతే. చదువు వద్దనడానికీ, బస్సు వేళ తెలియదనడానికీ మాటల్లో ఎంతో తేడా ఉంది. పిల్ల మాత్రం రెండింటికీ ఇంట్లోనే కూర్చోవాలి. ఆ రోజు నుంచే, ఈ వేళలు రాసి పెట్టడమనే అలవాటు ఎవరు మొదలుపెట్టారా అని నా మనసు పీకడం మొదలైంది.

వెతికితే 1662లో పారిస్ నగరం దాకా పోయాను. హైస్కూలు సైన్సు పుస్తకంలో పాస్కల్ నియమం చదువుకున్నాం కదా, ఆ బ్లేజ్ పాస్కలే! ఆ ఏడాది మార్చి 18న ఆయనా, ఆయన మిత్రులూ కలిసి పారిస్‌లో గుర్రబ్బళ్ల సర్వీసు మొదలుపెట్టారు. మనిషికి అయిదు సోలు ఛార్జీ. సోలంటే వాళ్ల చిల్లర నాణెం. అందులో కొత్త సంగతి ఏమిటంటే, బండి పోయే దారి ముందే ఖాయం, బయల్దేరే వేళ ముందే ఖాయం. సీట్లు ఖాళీగా ఉన్నా వేళకు కదలాల్సిందే. మన షేరు ఆటో చూడండి, ఇంకొక్కరు, ఇంకొక్కరు అంటూ నిండేదాకా కదలదు. ఆ పద్ధతికి ఈ పద్ధతికి ఎంత తేడానో మనకు వేరే చెప్పాలా?

పాస్కల్ అక్కగారు జిల్బెర్త్ ఆ మొదటి రోజుల ముచ్చట ఒక ఉత్తరంలో రాసింది. ఆవిడ కూడా బండికోసం దారిలో నిలబడిందట. ఒకదాని వెంట ఒకటి నిండుగా వెళ్లిపోయాయే గాని ఆవిడకు చోటు దొరకలేదట! మూడున్నర శతాబ్దాల కిందటి ఆ తల్లి మన బస్టాపులో మన పక్కనే నిలబడ్డట్టు అనిపించింది నాకు. అయితే ఆ బళ్లలో సిపాయిలూ, నౌకర్లూ, కూలీలూ ఎక్కరాదని అక్కడి న్యాయస్థానం కట్టడి చేసింది. అందరిదీ కాని ఆ బండి కొన్నేళ్లు నడిచి ఆగిపోయింది.

తర్వాత రైళ్లొచ్చాయి. ఇంగ్లండులో ఒక్కో రైలు కంపెనీది ఒక్కో పట్టిక. ఏది ఎక్కి ఎక్కడ మారాలో తెలిసేది కాదు. 1839లో మాంచెస్టరులో జార్జి బ్రాడ్‌షా అనే ముద్రాపకుడు రైళ్ల వేళలన్నీ ఒక చిన్న పుస్తకంగా వేశాడు. ఆ పేరే మన దేశానికీ వచ్చి, పాతకాలం వాళ్లకు రైళ్ల గైడంటే బ్రాడ్‌షాయే అయింది.

ఇక మన బస్సు సంగతి. మన బస్సు రైలింట్లో పుట్టిన బిడ్డ. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ చేతిలోంచి తన చేతికి తీసుకుంది. ఆ రైల్వే శాఖలోనే 1932 జూన్‌లో రోడ్డు రవాణా విభాగం పెట్టారు. మొదట ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. 1951 నవంబరు 1న అది హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న ఆర్టీసీ అయింది. రాష్ట్రం విడిపోయాక 2015లో తెలంగాణ ఆర్టీసీ వేరుపడింది.

రైలింటి బిడ్డ కదా, వేళ చెప్పడం కూడా రైలు భాషలోనే. దాంతో నేను పడ్డ అవస్థ చెబితే మీరు నవ్వుతారు. పెళ్లయిన కొత్తలో ఒక్కదాన్నే మొదటిసారి బస్టాండుకు వెళ్లాను. గోడమీద పెద్ద బోర్డు. మా ఊరి పేరుకెదురుగా 16–15 అని రాసి ఉంది. పదహారో నంబరు, పదిహేనో నంబరు బస్సులు మా ఊరికి పోతాయని అర్థం చేసుకున్నాను! కళ్లు కాయలు కాచేలా నంబర్లు చూస్తూ కూర్చున్నాను. నాలుగుంపావుకు మా ఊరి బస్సు నా ముందు నుంచే వెళ్లింది. తప్పు బోర్డుది కాదు, నాది. పక్కనున్న పండ్లమ్ముకునే అవ్వ, “పన్నెండు తీసెయ్ బిడ్డా, మిగిలిందే టైము” అంది. బడిలో నేర్చుకోని లెక్క ఆ రోజు నేర్చుకున్నాను.

మరి ఎంక్వయిరీలో అడగొచ్చు కదా అంటారు. అడగొచ్చు. కాని ఆడది నలుగురిలో బస్సు వేళ అడిగిందంటే తాను ఎక్కడికి పోతోందో నలుగురికీ చెప్పినట్టే. “ఎక్కడికమ్మా? ఒక్కదానివేనా?” అని ఒకరు, “తోడెవరూ రాలేదా?” అని ఇంకొకరు. గోడమీద రాసిన వేళ మాత్రం ఎదురు ప్రశ్న వేయదు. చదువుకున్నావా, చూసుకో, పో. టైంటేబులు ఆడవాళ్లకు చేసిన మేలల్లా ఇదే అనిపిస్తుంది నాకు.

వేళ ఒక్కటే చాలదు, దారి కూడా తెలియాలి. లండన్‌లో భూగర్భ రైళ్ల పటం చిక్కుపడ్డ నూలుండలా ఉండేదట. హ్యారీ బెక్ అనే డ్రాయింగు పనివాడు అడ్డగీతలు, నిలువుగీతలు, ఐమూల గీతలుగా దాన్ని తీర్చాడు. 1933లో ఆ పటం జనం చేతికొచ్చింది. ఏ స్టేషను తర్వాత ఏ స్టేషను, ఎక్కడ మారాలి, అది తెలిస్తే చాలునని ఆయన గ్రహించాడు. మనం కొత్తవాళ్లకు దారి చెప్పేదీ అలాగే కదా, గుడి దాటాక చెరువు, చెరువు దాటాక మా ఇల్లు అని.

ఇప్పుడు కంప్యూటరు సంగతికి వద్దాం. ఇందులో మళ్లీ ఒక స్త్రీ కనబడుతుంది. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరపు రవాణా సంస్థ ట్రైమెట్‌లో బిబియానా మెక్‌హ్యూ అనే ఆవిడ పనిచేసేది. కొత్త ఊళ్లలో తిరిగేటప్పుడు ఆవిడకొక సందేహం వచ్చింది. కారున్న వాళ్లకు ఇంటర్నెట్టు పటం దారంతా చెబుతుంది, బస్సెక్కే వాళ్లకు ఎందుకు చెప్పదు? ఆ మాటే ఆవిడ గూగుల్ వాళ్లను అడిగింది. వాళ్లూ ఆవిడ సంస్థా కలిసి 2005 డిసెంబరులో పోర్ట్‌లాండ్‌లో దాన్ని మొదలుపెట్టారు. ఎక్కడినుంచి, ఎక్కడికి, ఎప్పుడు అని అడిగితే, ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగి మారాలో పటం మీదే చూపిస్తుంది.

దీని లోపలి కిటుకు మన వంటింటి డబ్బాల వరస లాంటిదే. స్టాపులకొక పట్టిక, అందులో స్టాపు పేరూ, భూమ్మీద అది ఉన్న చోటూ. రూట్లకొక పట్టిక. రోజూ వేసే ట్రిప్పులకొకటి. ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఏ వేళకు చేరుతుందో చెప్పేది ఇంకొకటి. ఈ పద్ధతిని జి.టి.ఎఫ్.ఎస్. అంటారు. అందరికీ తెరిచి ఇచ్చినందువల్ల ఎన్నో దేశాల రవాణా సంస్థలు ఇదే వరసలో తమ వేళలు రాసి పెడుతున్నాయి. పట్టిక ఒకటే ఉంటే ఎవరైనా దాన్ని చదివే యాప్ తయారు చేయొచ్చు. డబ్బాలమీద చీటీలుంటే వంటింట్లోకి ఎవరొచ్చినా పప్పూ ఉప్పూ దొరికినట్టే.

మన దగ్గర 2023 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ ‘గమ్యం’ అనే యాప్ తెచ్చింది. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోనులో చూపించడానికి. అదే ఏడాది డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్టు డబ్బులు లేకుండా పోయాయి. సంతోషం. డబ్బు మిగిలింది. ఇక మిగలాల్సింది పొద్దు. స్టాపులో నిలబడ్డ గంటకు ఎవరూ లెక్క కట్టరు గాని, అది మన వంటలోంచో, నిద్రలోంచో, పిల్లల చదువులోంచో పోయిన గంటే.

ఇంతకీ ఆ పిల్ల ఏం చేసిందో చెప్పలేదు కదూ! ఏడ్చి ఊరుకోలేదు. ఒక నోటుపుస్తకం తీసుకుని పటాన్‌చెరు బస్టాండు బోర్డుమీది వేళలన్నీ రాసుకొచ్చింది. తర్వాత నెలరోజులు కిరాణాకొట్టు అరుగుమీద కూర్చుని, ఏ బస్సు తమ స్టాపుకు నిజంగా ఎన్నింటికి వస్తోందో రాసింది. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి ఒక చార్టు గీసి కొట్టుగోడకు అంటించింది. బస్సులేమీ కొత్తగా పెరగలేదు. కాని వాళ్ల నాన్న ఆ చార్టు ముందు చాలాసేపు నిలబడి, “సరే, ఆరుంపావు బస్సుకు నేను రోడ్డుకాడ ఉంట” అన్నాడు. పిల్ల డిగ్రీ పూర్తి చేసింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. చార్టు వెలిసిపోతే కొట్టాయనే మళ్లీ రాయించాడు, కూరగాయలు అమ్ముకునే ఆడవాళ్లు అడుగుతున్నారని.

అందుకే నాకు తోచింది ఇది. రాతి పలకైనా, రంగు బోర్డైనా, ఫోను తెరైనా, ఎవరో ఒకరు మన స్టాపును పట్టికలో రాయాలి. రాసిన పేరు మనం పిలిచే పేరై ఉండాలి, తెలుగులో ఉండాలి. బస్సు వేళ మారితే రాతా మారాలి. ఫోను లేని అవ్వకోసం గోడమీది బోర్డు తీసేయకూడదు. పట్టికలో లేని ఊరు పటంలో ఉన్నా లేనట్టే.

మీ వీధి స్టాపులో వేళల బోర్డు ఉందో లేదో రేపు ఒకసారి చూడండి. లేకపోతే డిపోకు ఒక ఉత్తరం రాయండి. ఈలోగా మీ ఇంట్లో చదువుకున్న పిల్ల ఎవరైనా ఉంటే, చేతికొక నోటుపుస్తకం ఇవ్వండి.