వ్యోమనౌకల సంధానము - పరీక్షల చరిత్ర



ఆకాశమున తిరుగుచున్న రెండు నౌకలు ఒకదానినొకటి చేరి బిగిసికొనుటకు సంధానమని పేరు. వ్యాకరణము చదివినవారికి సంధి యనగా రెండు వర్ణముల కలయిక. అచ్చట నడుమ ఎడమున్నచో సంధి తప్పును. ఇచ్చట పొరపాటు జరిగినచో ప్రాణములే పోవచ్చును. ఈ విద్య మానవునకు ఎట్లు పట్టుబడినదో, దానికై ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చినదో నేడు మనవి చేసెదను.

భూమికి చేరువగా దానిని చుట్టు నౌక సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు మించిన వేగముతో పోవలయును. లేనిచో మరల నేలబడును. ఆ వేగమును రాకెట్టు అంచెలంచెలుగా నిచ్చును. ఇంధనము తీరిన అంచె ఊడిపోవును. బరువు తగ్గినకొలది మిగిలినది మరింత వడిగా పోవును. అయినను పైకి చేరుట సగము పనియే. పైన తిరుగుచున్న మరియొక నౌకను కలిసికొనుట తక్కిన సగము.

నేలపై ముందు పోవు బండిని అందుకొనవలెనన్న ఎడ్లను అదలించిన చాలును. ఆకాశమున నట్లు కాదు. వేగము పెంచిన నౌక పై కక్ష్యకు లేచును. అచ్చట దారి పొడవు, నడకయు మందము. కావున అది వెనుకబడును. వేగము తగ్గించినది క్రిందికి దిగి ముందునకు పోవును. కళ్ళమున బంతి కట్టిన యెడ్లను తలచుకొనుడు. గుంజ చెంతనున్న యెద్దు చిన్న చుట్టు తిరుగును. చివరనున్నది పెద్ద చుట్టు తిరుగవలయును. 1965 జూనులో జెమిని-4 నౌకనుండి అమెరికా వ్యోమగామి మెక్‌డివిట్, తాము విడిచిన రాకెట్టు అంచెను చేరబోయి విఫలుడయ్యెను. ఆ డిసెంబరు 15వ తేదీన జెమిని-6, జెమిని-7 నౌకలు లెక్క ప్రకారము నడచి అడుగు దూరమువరకు చేరినవి. బిగిసికొను సాధనము లేనందున అంతటితో విడిపోయినవి.

1966 మార్చి 16న ఆర్మ్‌స్ట్రాంగ్, స్కాట్ అనువారు జెమిని-8 నౌకను అజీనా యను నిర్మానుష్య నౌకతో బిగించిరి. లోకమున అదియే మొదటి సంధానము. అరగంట గడచునంతలో జంటనౌకలు గిరగిర తిరుగ నారంభించినవి. తప్పు అజీనాదని తలచి దానిని విడదీసిరి. భ్రమణము తగ్గుటకు మారు పెరిగి, సెకనుకు ఇంచుమించు ఒక చుట్టు వంతున తిరిగినది. దోషము తమ నౌకలోని చిన్న యింజనుదే. అది ఆగక మండుచుండెను. ఆర్మ్‌స్ట్రాంగ్ ధైర్యము చెడక, దిగునప్పుడు వాడవలసిన యింజనులతో నౌకను నిలువరించి నాడే పసిఫిక్ సముద్రమున దించెను.

మరుసటి యేడు మరింత దారుణము. 1967 జనవరి 27న అపోలో నౌకను ప్రయోగ వేదికపైననే పరీక్షించుచుండిరి. రాకెట్టులో ఇంధనము లేదు గనుక దానిని అపాయకరమైన పరీక్షగా నెంచలేదు. లోపల నిండినది శుద్ధమైన ప్రాణవాయువు. తలుపు లోనికి తెరచుకొనునది. నిప్పు పుట్టగా లోపలి యొత్తిడిచే తలుపు రాలేదు. గ్రిస్సమ్, వైట్, చాఫీ యను మువ్వురు మరణించిరి. తరువాత క్షణములలో వెలుపలికి తెరచుకొను తలుపు నమర్చిరి. సులభముగా మండు వస్తువులను తొలగించిరి. ప్రయోగ సమయమున లోపలి గాలిలో నత్రజని కలిపిరి. ఇరువది నెలలకు పైగా ఆగి, 1968 అక్టోబరులో గాని మనుష్యులను పంపలేదు.

ఆ 1967 ఏప్రిలులోనే రష్యావారు సోయజ్-1 ను పంపిరి. వెంటనే మరియొక నౌకను పంపి రెంటిని కలుపుట వారి సంకల్పము. అంతకు ముందు మనుష్యులు లేకుండ చేసిన పరీక్షా ప్రయోగములలో ఒక్కటియు నిర్దోషముగా ముగియలేదు. అయినను ఆగలేదు. పైన చిక్కులు తోచగా రెండవ నౌకను మానుకొనిరి. 24వ తేదీన దిగునప్పుడు గొడుగు సరిగా విచ్చుకొనక కొమరోవ్ మరణించెను. పిమ్మట అక్టోబరు 30న రెండు నిర్మానుష్య నౌకలను తమంతట తామే కలియునట్లు చేసి, 1969 జనవరి 16న మనుష్యులున్న రెండు నౌకలను కలిపిరి.

ఇట్టి అనుభవముల మీదనే నేటి పరీక్షా పద్ధతులు స్థిరపడినవి. ప్రయోగమునకు పూర్వమే నౌకను వణకు బల్లపై నుంచి అదరగొట్టుదురు. ఘోర ధ్వని వినిపింతురు. గాలి తీసిన గదిలో నుంచి ఎండకు కాచి, చలికి కొంకర్లు పోవునట్లు చేయుదురు. కుండను కొనునప్పుడు తట్టి చూచుట మనకు తెలియనిది కాదు. తట్టుటయే కాదు, బీటధ్వని వినబడినచో దించిపెట్టు బుద్ధియు ఉండవలయును.

ఆ బుద్ధిని మన శ్రీహరికోటలో చూచితిమి. 2023 అక్టోబరు 21న గగనయాన పథకమునకై, అపాయ సమయమున వ్యోమగాములను తప్పించు సాధనమును పరీక్షింపబూనిరి. అందు మనుష్యులు లేరు. విడుచుటకు 5 సెకనులుండగా యంత్రమే దోషమును శంకించి ఆపివేసెను. కారణము చూచి సవరించి నాటి యుదయము 10 గంటలకు విడిచిరి. గది సురక్షితముగా బంగాళాఖాతమున దిగెను.

పిమ్మట 2024 డిసెంబరు 30 రాత్రి, ఒక్కొక్కటి 220 కిలోల బరువుగల రెండు ఉపగ్రహములను ఒకే రాకెట్టుపై పంపిరి. ఇదియే స్పేడెక్స్. సంధానమును జనవరి 7న చేయనెంచి, 9కి మార్చి, దానిని కూడ వాయిదా వేసిరి. 12వ తేదీన 3 మీటర్ల దూరమువరకు చేర్చి మరల వెనుకకు తీసిరి. చేయి చాచిన అందునంత దూరము! లోకమంతయు చూచుచుండగా వెనుకంజ వేయుట సులభము కాదు. కొలతలన్నియు విచారించుకొని 16వ తేదీన సంధానము నెరవేర్చిరి. అమెరికా, రష్యా, చైనాల పిమ్మట భారతదేశము ఈ విద్యలో నాల్గవదైనది. మార్చి 13న వానిని విడదీసి, ఏప్రిల్ 20న మరల కలిపిరి.

పెద్దలారా! ముహూర్తము మించిపోవునని తొందరపడువారు మన యూళ్ళలోను కలరు. పరీక్ష యనునది తంతు కాదు. అది చెప్పిన మాట వినుటకే దానిని చేయవలయును. వినని చోట కొమరోవ్ ప్రాణము పోయినది. విని ఆగిన చోట నాలుగు దినముల ఆలస్యము తప్ప నష్టమేమియు లేదు. రేపు మన బిడ్డలు ఆ నౌకల నెక్కువారు. వారిని పంపువారికి ఆగు ధైర్యము ఎల్లప్పుడును ఉండుగాక! ఇక సెలవు.