నివాళి పాటలో లేని పేరు

ఒక బ్యాండ్ తన కొత్త ఆల్బమ్‌లో ముందుతరం బ్యాండ్‌కి నివాళి అర్పిస్తే మనం దాన్ని గురువుకి శిష్యులు పెట్టే నమస్కారంగా వింటాం. కానీ నివాళి చరిత్ర రచన కూడా. పేరు తలచుకున్నవాళ్లు పూర్వీకులవుతారు. మరి తలచుకోని వాళ్లు? స్త్రీల సాహిత్యం మీద పరిశోధన చేసిన నాకు ఇది పాత ప్రశ్నే. నాయిస్ రాక్ వింటున్నప్పుడు కూడా అదే ఎదురైంది.

1996లో అమెరికాలోని ఒలింపియా పట్టణానికి చెందిన స్లీటర్-కినీ అనే స్త్రీల బ్యాండ్ ‘కాల్ ది డాక్టర్’ ఆల్బమ్ తెచ్చింది. పెద్ద కంపెనీల అండ లేకుండా, చిన్న లేబుల్ మీద వచ్చిన ఇండీ ఆల్బమ్ అది. అందులో ఒక పాటలో గాయని తాను జోయీ రమోన్‌ని కావాలంటుంది. ఆ తర్వాత సోనిక్ యూత్ గిటారిస్టు థర్‌స్టన్ మూర్‌ని కావాలంటుంది. అభిమానుల గదుల్లో తన బొమ్మ ఉండాలంటుంది. సోనిక్ యూత్‌లో పాటలు రాసి, పాడి, బేస్ గిటార్ వాయించిన కిమ్ గోర్డన్ ఉంది కదా! ఆమె పేరు ఎందుకు రాలేదు?

ఇది స్త్రీలే స్త్రీని మరచిపోవడమని నేననుకోను. ఆ పాటలో కోరిక ఎంత ఉందో ఎగతాళి అంత ఉంది. ‘స్టార్’ అన్న కుర్చీ మగవాడి కొలతలతో తయారయిందని వాళ్లకి తెలుసు. అందుకే మగపేరు పెట్టుకుని మరీ అందులో కూర్చుంటారు. అది వేళాకోళంతో చేసిన ఆక్రమణ.

అయినా ప్రశ్న మిగిలే ఉంటుంది. హెరాల్డ్ బ్లూమ్ 1973లో కవిత్వ చరిత్రని తండ్రీకొడుకుల పోరుగా చదివాడు. సాండ్రా గిల్బర్ట్, సూజన్ గూబార్ 1979లో ఆ చదువులో స్త్రీకి చోటెక్కడని నిలదీశారు. కవయిత్రికి తండ్రిని ఓడించడం కన్నా ముందు, తనకంటే ముందు రాసిన స్త్రీ ఒకతె ఉందని తెలియాలి. తెలియాలంటే ఎవరో ఒకరు ఆ పేరు చెప్పాలి.

కిమ్ గోర్డన్ ఎవరి పేరు చెప్పింది?

సోనిక్ యూత్ 1981లో న్యూయార్క్‌లో మొదలైంది. గిటార్ తీగల్ని వింత శ్రుతుల్లోకి మార్చి, వాటి కింద స్క్రూడ్రైవర్లు, డ్రమ్ పుల్లలు దూర్చి వాయించేవాళ్లు. అంతకుముందే కిమ్, వేదిక మీద మగవాళ్ల మధ్య నడిచే స్నేహబంధం గురించి ఒక వ్యాసం రాసింది. అంటే ఆమె బ్యాండ్‌లోకి చూపున్న విమర్శకురాలిగానే అడుగుపెట్టింది. 1990లో వచ్చిన ‘గూ’ ఆల్బమ్‌లో ఆమె పాడిన ‘ట్యూనిక్’ పాట కారెన్ కార్పెంటర్‌కి నివాళి.

ఇక్కడ కొంత ఆగాలి. కార్పెంటర్స్ అంటే అన్నాచెల్లెళ్ల జంట, డెబ్భైలలో ఇంటిల్లిపాదీ వినే మెత్తటి పాటలు. నాయిస్ రాక్ వినేవాళ్లు చులకనగా చూసే సంగీతం. కారెన్ మొదట డ్రమ్మర్. తానెప్పుడూ డ్రమ్మర్‌నేనని భావించిన ఆమెని కచేరీల్లో క్రమంగా డ్రమ్స్ వెనుక నుంచి లేపి, మైకు ముందు నిలబెట్టారు. వాయించే మనిషి చూడదగ్గ మనిషిగా మారింది. తిండి మానేసి శరీరాన్ని కృశింపజేసుకునే అనొరెక్సియా వల్ల 1983లో, 32 ఏళ్లకే గుండె ఆగి చనిపోయింది. కిమ్ పాటలో కారెన్ స్వర్గం నుంచి ఇంటివాళ్లతో మాట్లాడుతుంది. అక్కడ ఆమె మళ్లీ డ్రమ్స్ వాయిస్తోంది! ఆ ఒక్క వివరంలో నాకు ఒక జీవిత చరిత్రంత విమర్శ వినిపిస్తుంది. ఆకలి చంపుకున్న శరీరానికి కిమ్ తిరిగి ఇచ్చింది అందాన్ని కాదు, పనిని.

1994లో కార్పెంటర్స్ పాటలతో ‘ఇఫ్ ఐ వర్ ఎ కార్పెంటర్’ అనే నివాళి ఆల్బమ్ వచ్చింది. జపాన్‌లోని ఒసాకాకి చెందిన స్త్రీల బ్యాండ్ షోనెన్ నైఫ్ అందులో పాడింది. సోనిక్ యూత్ ‘సూపర్‌స్టార్’ని ఎంచుకుంది. గిటారిస్టు కోసం ఎదురుచూసే అభిమాని వేదన అది. ఈసారి దాన్ని పాడింది థర్‌స్టన్ మూర్. ఎదురుచూపు గిటారిస్టు గొంతులోకే చేరింది! రెండేళ్లకి స్లీటర్-కినీ ఎదురుచూడటం మానేసి, ఆ గిటారిస్టే తామవుతామన్నారు. ఈ రెండు పాటలూ పక్కపక్కన పెట్టి వినండి. నివాళి పేరుతో స్త్రీపురుషుల స్థానాలు ఎంతగా తారుమారవుతున్నాయో తెలుస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే 1978 నాటి ‘నో న్యూయార్క్’ అనే సంకలనం ఉంది. సోనిక్ యూత్‌కి పుట్టినిల్లు అనదగ్గ ‘నో వేవ్’ సంగీతం అది. దాన్ని రూపొందించిన బ్రయన్ ఈనో పేరు అందరికీ గుర్తే. అందులోని నాలుగు బ్యాండ్లలోనూ స్త్రీలున్నారు. గిటార్ మీద లిడియా లంచ్, చైనా బర్గ్, పాట్ ప్లేస్. ఆర్గన్ మీద అడెల్ బెర్టీ. డ్రమ్స్ మీద నాన్సీ ఆర్లెన్, ఇకూయే మోరి. వీరిలో ఇకూయే టోక్యో నుంచి వచ్చింది. అంతకుముందు డ్రమ్స్ పట్టి ఎరగదు. వాయిద్యం ‘సరిగ్గా’ నేర్పే దారులన్నీ మగవాళ్ల చేతుల్లో ఉన్నప్పుడు, నేర్చుకోకుండానే వాయించడం ఈ స్త్రీలకి తలుపు తెరిచింది. రొద వాళ్లకి అలా దొరికిన భాష.

కిమ్, థర్‌స్టన్ విడిపోయారు. 2011తో సోనిక్ యూత్ ఆగిపోయింది. 2015లో కిమ్ తన ఆత్మకథకి ‘గర్ల్ ఇన్ ఎ బ్యాండ్’ అని పేరు పెట్టింది. ‘బ్యాండ్‌లో ఆడపిల్లగా ఉండటం ఎలా ఉంటుంది?’ అని ముప్ఫై ఏళ్లు విసుగులేకుండా అడిగినవాళ్లకి అది జవాబు.

ఇకముందు సోనిక్ యూత్‌కి నివాళిగా ఏ కుర్ర బ్యాండ్ ఆల్బమ్ తెచ్చినా నేను శ్రుతుల పోలిక దగ్గర ఆగను. వాళ్లు తలచుకున్న పేర్లు లెక్కపెడతాను. డ్రమ్స్ వెనుక నుంచి ఎవర్ని లేపేశారో అడుగుతాను.